నెలకో సైన్స్–సాహిత్య సాయంత్రం (హైదరాబాద్): తేదీ, హాలు, మైకు, టెలిస్కోపు ఎలా కుదుర్చుకోవాలి?

చిక్కడపల్లి_చదువరి:

అందరికీ నమస్తే. మేం ఎనిమిది మందిమి కలిసి 2026 డిసెంబర్ నుంచి 2027 మార్చి దాకా నెలకో శనివారం సాయంత్రం ఉచిత కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. తెలుగులో ఒక సైన్స్ ప్రసంగం, ఒక కవి లేదా కథకుడి పఠనం, టెలిస్కోపులో చంద్రుణ్ణి చూపించడం. 80 నుంచి 100 మంది వస్తారని అంచనా. బాగ్‌లింగంపల్లి, చిక్కడపల్లి, లక్డీకాపూల్ వైపు అయితే మెట్రోలో వచ్చేవాళ్లకు వీలని మా ఆలోచన.

చేతిలో ఉన్నవి: 6 అంగుళాల డాబ్సోనియన్ (కింది పీట మీద తిప్పుకునే అద్దం టెలిస్కోపు) ఒకటి (1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్, ఐపీసులు, అంటే కన్ను పెట్టి చూసే కటకాలు, 25, 10 మి.మీ.), ఒక ప్రొజెక్టర్. మైకు సెట్టు అద్దెకు తెచ్చుకోవాలి.

అడగాలనుకున్నవి ఇవి. తేదీలు ఎలా ఎంచుకోవాలి? హాలు మాట్లాడేటప్పుడు ఏమేం అడగాలి? మైకు, రికార్డింగు దగ్గర ఏం తప్పులు జరుగుతాయి? టెలిస్కోపు ముందా, ప్రసంగం ముందా? ఇంకా, ఇప్పుడు లేని కవుల కవితలు చదివి యూట్యూబులో పెడితే కాపీరైటు గొడవేమైనా ఉంటుందా?

---

శుక్లపక్షం:

ముందు తేదీ చూసుకోండి, హాలు తర్వాత. చాలామంది హాలు ఖాళీగా ఉన్న శనివారం పట్టుకుని, ఆ రోజు చూస్తే అమావాస్యో పౌర్ణమో అయి నాలుక కరుచుకుంటారు. పంచాంగం తీసి శుక్ల పంచమి నుంచి దశమి మధ్యలో పడే శనివారాలు గుర్తు పెట్టుకోండి. చంద్రుడి మీద వెలుగూ నీడా కలిసే గీత దగ్గర సూర్యకాంతి ఏటవాలుగా పడుతుంది, అందుకే అక్కడ గుంతల అంచులు, కొండల నీడలు తేలి కనిపిస్తాయి. పౌర్ణమినాడు కాంతి నిటారుగా పడి నీడలుండవు. చూసినవాళ్లు "తెల్లగా ఉంది" అని దిగిపోతారు.

మీ నాలుగు నెలలకీ లెక్క ఇది:

డిసెంబర్ 17 గురువారం అర్ధచంద్రుడు. 19 శనివారానికి దశమి. కోపర్నికస్ బిలం అంచుల్లో మెట్లు మెట్లుగా దిగే గోడలు అప్పుడు బాగా కనిపిస్తాయి. దాని వెడల్పు 93 కిలోమీటర్లు. 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగ్ రోడ్డు చుట్టంతా అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుందని చెప్పండి, పిల్లలు మళ్లీ వరసలో నిలబడతారు.

జనవరిలో అర్ధచంద్రుడు 15 రాత్రి, అంటే సంక్రాంతి సెలవుల్లో. పంచమి నుంచి దశమి దాకా మొత్తం పండుగ వారంలోనే పోతుంది. ఊళ్లకు వెళ్లినవాళ్లు పోగా నగరంలో మిగిలేది మీరూ, మీ టెలిస్కోపూ. ఆ నెల చంద్రుణ్ణి వదిలేసి జనవరి 30 శనివారం పెట్టుకోండి. చంద్రుడు అర్ధరాత్రి దాకా రాడు, రాత్రి 8కల్లా మృగవ్యాధుడి (ఓరియన్ రాశి) బెల్టు కింద ఉండే నెబ్యులా, అంటే వాయుమేఘం (ఎం42) బాగా ఎత్తుకు వస్తుంది. నగరపు వెలుతురులో రంగులేమీ కనిపించవు, బూడిదరంగు మసకే. కానీ దాని నడుమ నాలుగు నక్షత్రాల గుంపు 48 రెట్ల (మీ 25 మి.మీ. ఐపీసు) దగ్గరే విడివిడిగా తెలుస్తుంది. ఫోటోల్లోలాగా ఎర్రగా ఉండదని ముందే చెప్పేయండి, లేకపోతే మోసపోయామనుకుంటారు.

ఫిబ్రవరి 13 శనివారం సప్తమి. ఈ నాలుగింటిలో ఇదే అన్నిటికన్నా మంచి రోజు. ఆ వారంలోనే గురుగ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తుంది, పొద్దు గూకే వేళకే తూర్పున లేస్తుంది. ఎనిమిదిన్నరకు మేడల పైకి వచ్చేస్తుంది. నాలుగు పెద్ద ఉపగ్రహాలు మీ టెలిస్కోపులో సులువుగా దొరుకుతాయి.

మార్చి 13 శనివారం షష్ఠి. చంద్రుడు బాగుంటాడు కానీ ఇంటర్ పరీక్షల నెల. విద్యార్థుల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ముందా, తర్వాతా అన్నది నెలను బట్టి మారుతుంది. డిసెంబర్ 19న సాయంత్రం ఆరున్నరకే చంద్రుడు తూర్పు ఆకాశంలో మంచి ఎత్తులో ఉంటాడు, ప్రసంగానికి ముందే చూపించేయవచ్చు. సంధ్యవెలుగులో కూడా చంద్రుడు కనిపిస్తాడు, చీకటి పడేదాకా ఆగనక్కర్లేదు. ఫిబ్రవరి 13న ఆరు గంటలప్పుడు చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డాబ్సోనియన్‌ను నిట్టనిలువుగా ఎత్తినప్పుడు దాన్ని పక్కకు తిప్పడం నరకం: చంద్రుడు కొద్దిగా జరిగినా కింది పీటను బాగా తిప్పాల్సి వస్తుంది. ఏడున్నర, ఎనిమిదికి పడమటికి వాలి 60 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు, అప్పుడు హాయి. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో ప్రసంగాలయ్యాకే పెట్టుకోండి.

---

సభా_సమయం:

శుక్లపక్షం గారు చెప్పిన డిసెంబర్ 19 ఒక్కటి ఇంకోసారి చూసుకోండి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబర్ రెండో సగంలోనే జరుగుతుంది. ఇందిరా పార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియంలో జరిగితే మీ హాలుకు కూతవేటు దూరం, సాయంత్రాలు అక్కడి వేదిక మీద ఆవిష్కరణలు వరసగా ఉంటాయి. మీ శ్రోతలూ వాళ్ల శ్రోతలూ ఒకరే. తేదీలు ప్రకటించాక మీ సభను ఐదున్నరకు జరుపుకుంటే అక్కడికి వచ్చినవాళ్లు దారిలో మీ దగ్గరికీ వస్తారు. పోటీ పడితే మాత్రం ఓడిపోతారు.

హాళ్ల సంగతి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో దొడ్డి కొమరయ్య హాలు, షోయబ్ హాలు ఉన్నాయి. ఇలాంటి సభలకు అలవాటుపడ్డ చోటు, మెట్రోలో చిక్కడపల్లిలోనో ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోనో దిగి వెళ్లవచ్చు. త్యాగరాయ గానసభ కూడా అదే మెట్రో లైను మీద. రవీంద్రభారతి 1961 నుంచి నడుస్తున్న వేదిక, లక్డీకాపూల్ లేదా అసెంబ్లీ స్టేషన్ దగ్గర. కానీ అక్కడి పెద్ద హాలు వంద మందికి బోసిపోతుంది. వెనక వరసల్లో చెల్లాచెదురుగా కూర్చున్న వంద మంది ముందు కవికి గొంతు లేవదు. చిన్న హాలు దొరికితేనే అడగండి. బంజారాహిల్స్‌లోని లామకాన్ ఆరుబయలు వేదిక, చర్చలకు బ్రహ్మాండం. మెట్రో దిగాక ఆటో ఎక్కాలి, అంతే.

మాట్లాడుకునేటప్పుడు అద్దె ఒక్కటే అడిగి వచ్చేయకండి. ఈ ప్రశ్నలకు జవాబులు రసీదు మీదే రాయించుకోండి: హాలు తాళం ఎన్నింటికి చేతికిస్తారు, ఎన్నింటికి లైట్లు ఆర్పేస్తారు (ఆరున్నర సభకు ఐదింటికైనా లోపలికి వెళ్లాలి), ఏసీ అద్దెలో ఉందా గంటల లెక్కనా, కరెంటు పోతే జనరేటర్ హాలుకా మెట్ల లైట్లకే పరిమితమా, డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, జీఎస్టీ కలిపా విడిగానా, టీ బయటి నుంచి తెచ్చుకోనిస్తారా. మేడ మీదికి వెళ్లే తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుందో తప్పకుండా అడగండి. రాత్రి ఎనిమిదింటికి ఆ మనిషి ఇంటికెళ్లిపోతే మీ చంద్రుడు మేడ మీదే ఉండిపోతాడు. లిఫ్టు లేకపోతే మేడ ఆలోచన మానుకోండి, సాహిత్య సభలకు వచ్చేవాళ్లలో మోకాళ్ల నొప్పులవాళ్లే ఎక్కువ.

కార్యక్రమం నడపడంలో తెలుగు సభలకు ఒక పాత జబ్బుంది. వేదిక మీద ఏడుగురు, ప్రతి ఒక్కరికీ "రెండు మాటలు", తర్వాత శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోలు. వక్త లేచేసరికి ఏడున్నర. వేదిక మీద ముగ్గురికి మించి కుర్చీలు వేయకండి: నిర్వాహకుడు, మాట్లాడే ఇద్దరు. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకు, ఆత్మీయ అతిథి, ఇవేవీ వద్దు. శాలువా కప్పాలని ఉంటే చివర, నిలబడే, ఒక్క నిమిషంలో. ఎవరైనా నొచ్చుకుంటారనిపిస్తే ముందు వరసలో వాళ్ల పేరు రాసిన కుర్చీ ఉంచండి, స్వాగతంలో పేరు చెప్పి నమస్కారం పెట్టండి. సరిపోతుంది.

సమయం ఇలా వేసుకోవచ్చు: 6:30కు ఖచ్చితంగా మొదలు, స్వాగతం 3 నిమిషాలు, సైన్స్ ప్రసంగం 35, ప్రశ్నలు 15, టీ 12, పఠనం 25, కవితో మాట 10. 8:15కు అందరూ బయట ఉంటారు. ఆహ్వానంలో "6 గంటలకు" అని వేసి ఆరున్నరకు మొదలుపెట్టే అలవాటు మనందరిదీ. దానికి బదులు "6:00 టీ, 6:30 ప్రసంగం" అని రాస్తే అబద్ధమాడినట్టూ ఉండదు, వచ్చినవాళ్లకు పనీ ఉంటుంది. రెండో నెల నుంచి జనం మీ టైము నమ్మడం మొదలుపెడతారు.

పఠనానికి 25 నిమిషాలంటే ఎనిమిది తొమ్మిది చిన్న కవితలు, లేదా ఓ మోస్తరు కథ ఒకటి. కవితకూ కవితకూ మధ్య మాటలకే మూడో వంతు పోతుంది. కథ చదివించేట్టయితే ముందుగా ఒక పేజీ గట్టిగా చదివించి గడియారం పెట్టి చూడండి. మనసులో చదివే వేగంతో లెక్కేసుకుని వచ్చినవాళ్లు సగంలో ఆపేయాల్సి వస్తుంది.

ఆహ్వానం గురించి చిన్న సంగతి. వాట్సాప్‌లో వచ్చే సభల పోస్టర్లలో పది ఫోటోలుంటాయి, వారం పేరు ఉండదు. తేదీతో పాటు వారం, మొదలూ ముగింపూ, మెట్రో స్టేషన్ పేరు, ప్రవేశం ఉచితమన్న ముక్క, పిల్లల్ని తీసుకురావచ్చా లేదా. ఇవి పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. వారం ముందు ఒకసారి, ఆ రోజు పొద్దున ఒకసారి పంపండి. దినపత్రికల "నగరంలో నేడు" శీర్షికలకు రెండు రోజుల ముందే నాలుగు వాక్యాలు పంపితే పెద్దవాళ్లు దాన్ని చూసే వస్తారు.

---

మైక్_టెస్టింగ్:

హాలు ఎంత బాగున్నా మాట వినబడకపోతే అంతా దండగ. వంద మంది హాలుకు 10 లేదా 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫైయర్ లోపలే ఉండేవి) రెండు, 6 చానెళ్ల మిక్సర్, వైరు మైకులు మూడు, వైర్‌లెస్ ఒకటి. ఇంతకన్నా తెచ్చి అక్కడ పెట్టేదేం లేదు. మైకు సెట్టు అన్న పెళ్లిళ్లకు వాడే పెద్ద బాక్సులు తెస్తానంటే వద్దనండి. బేసు ఎక్కువై మాటలు ముద్దగా వినబడతయ్.

ముఖ్యంగా స్పీకర్లు ఎక్కడ పెడుతున్నారో చూడండి. కుయ్యిమని కూత పెట్టేది మైకు చెడిపోయి కాదు. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి, పెరిగి, మళ్లీ స్పీకర్‌లోంచి వస్తుంది, అది తిరుగుతూనే ఉంటుంది. అందుకే స్పీకర్లు ఎప్పుడూ మైకుకన్నా ముందుకు, జనం వైపు. మైకు వెనకాల, గోడకు ఆనించి పెట్టనీయకండి. కూత వచ్చినప్పుడు మాట్లాడేవాళ్లు మైకు తలను గుప్పిట్లో మూస్తరు. మూస్తే ఇంకా ఎక్కువైతది, ఎందుకంటే వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకోకుండా చేసే రంధ్రాలు మూసుకుపోతయ్.

మైకు నోటికి నాలుగు వేళ్ల దూరం, కొంచెం పక్కకు. సూటిగా పెడితే ప, బ, భ దగ్గర గాలి కొట్టి ఢప్‌మంటది. కవులకు పోడియం మైకు ఇయ్యకండి. కాగితం చూస్తూ తల దించుతరు, చివరి పాదానికి తల ఎత్తుతరు, గొంతు వచ్చి పోతుంటది. స్టాండు మైకు పెట్టి, కాగితానికి ఎదురుగా ఛాతీ ఎత్తులో ఇంకో స్టాండు (సంగీతం వాళ్లు నోట్సు పెట్టుకునేది) పెడితే తల కదలదు. అందరు గొంతులకు మిక్సర్‌లో లో-కట్ మీట నొక్కి ఉంచండి. అది 80–100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తది, స్టాండు తగిలినా ధడ్‌మనదు. సైన్స్ ప్రసంగం చేసేటాయన తెర వైపు తిరిగి మాట్లాడతడు కాబట్టి ఆయనకు కాలర్ మైకు. గడ్డానికి జానెడు కింద, చొక్కా మధ్యలో. కండువా ఉంటే రాపిడి శబ్దం వస్తది, తీసి పక్కన పెట్టమనండి. బ్యాటరీలు ప్రతి సభకు కొత్తవి. పోయినసారివి ఇంకా ఉన్నయని వాడితే ప్రశ్నల టైముకు పోతయ్.

ప్రశ్నల మైకును మీ మనిషి పట్టుకునే ఉండాలి, అడిగేవాళ్ల చేతికి ఇయ్యొద్దు. చేతికిచ్చిన మైకు ప్రశ్న దగ్గర ఆగదు, ఉపన్యాసమైతది. మీ మనిషి పట్టుకుని ఉంటే వెనక్కి తీసుకోవడం మర్యాదగా అయిపోతది.

రికార్డింగు. హాలు చివర ఫోన్ పెడితే ఫ్యాను, దగ్గులు, ప్రతిధ్వని తప్ప ఏం రాదు. మిక్సర్ లైన్ అవుట్ నుంచి చిన్న రికార్డర్‌లోకి తీసుకోండి, శబ్దం ఎగిసినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేటట్టు. ఫోన్‌లోకే తీసుకోవాలంటే పిన్నుకు మూడు నల్ల గీతలు (నాలుగు భాగాలు) ఉండే వైరు కావాలి. రెండు గీతల మామూలు ఇయర్‌ఫోన్ పిన్ను పెడితే ఫోన్ దాన్ని మైకు అనుకోదు, తన సొంత మైకుతోనే రికార్డు చేస్తది, ఇంటికి పోయినంక తెలుస్తది. పైగా లైన్ శబ్దం ఫోన్‌కు ఎక్కువ, మధ్యలో తగ్గించే అటెన్యుయేటర్ లేకుంటే చిరిగినట్టు వినబడతది.

ప్రొజెక్టర్ 3000 ల్యూమెన్లకు తక్కువైతే ముందు వరస లైట్లు ఆర్పాలి. హెచ్‌డీఎంఐ వైరు 10 మీటర్లు దాటితే బొమ్మ వచ్చి పోతుంటది, లాప్‌టాప్‌నే ప్రొజెక్టర్ దగ్గరికి జరిపి రిమోట్ ఇయ్యండి. తెలుగు స్లయిడ్లతో ఇంకో చిక్కుంది. వక్త పెన్‌డ్రైవులో తెచ్చిన ఫైలు పాత అను ఫాంట్లలో ఉంటే, ఆ ఫాంటు లేని లాప్‌టాప్‌లో తెలుగు అంతా ఇంగ్లిషు అక్షరాల గజిబిజి. యూనికోడ్ అయినా ఒత్తులు విడిపోవడం ఉంటుంది. పీడీఎఫ్‌గా మార్చి రెండు రోజుల ముందు పంపమనండి, మీ లాప్‌టాప్‌లో ఒక్కసారి ప్రతి పేజీ తిప్పి చూడండి.

ఆరుబయట మైకు పెడితే చట్టం వేరే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మూసిన హాళ్లలో తప్ప వాడొద్దు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. మూసిన హాలు లోపలైతే ఆ రాత్రి 10 గీత అడ్డు రాదు, టెలిస్కోపు దగ్గర మాత్రం మైకు పెట్టకండి. ఒకటి, అవసరం లేదు. రెండు, చుట్టుపక్కల ఇండ్లవాళ్లు ఆ ఒక్కదానికే ఫోన్ చేస్తరు.

---

చిక్కడపల్లి_చదువరి:

చాలా సంతోషం అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. జనవరి 30, ఫిబ్రవరి 13 ఖాయం చేసుకుంటున్నాం. డిసెంబర్ పుస్తక ప్రదర్శన తేదీలు వచ్చాక చూస్తాం.

రెండు అనుమానాలు మిగిలాయి. వంద మందికి ఒక్క టెలిస్కోపు సరిపోతుందా? మేడ దొరకకపోతే హాలు ముందు పార్కింగు స్థలంలో పెట్టవచ్చా, వీధిలైట్లుంటాయి కదా? అలాగే కాపీరైటు సంగతి ఎవరూ చెప్పలేదు.

---

శుక్లపక్షం:

మేడకన్నా పార్కింగు స్థలమే మేలు. ఎండకు కాగిన స్లాబు రాత్రి తొమ్మిది దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ వేడిగాలికి చంద్రుడి అంచు నీళ్లలో చూసినట్టు ఊగుతుంది. పైగా ఎవరు నడిచినా స్లాబు అదురుతుంది, 120 రెట్ల (10 మి.మీ. ఐపీసు) దగ్గర ఆ అదురు బొమ్మలో తెలిసిపోతుంది. మట్టి నేల అన్నిటికన్నా మంచిది, సిమెంటు నేల ఫర్వాలేదు. చంద్రుడికి, గురుడికి వీధిలైటు అడ్డు కాదు, దీపం సూటిగా చూసేవాళ్ల కంట్లో పడకుండా వాహనమో గోడో చాటు ఉంటే చాలు. మూడు మీటర్ల చదరం, చుట్టూ తాడు. జనవరి 30న నెబ్యులాకు మాత్రం ఆ దగ్గరి దీపం ఆర్పించగలిగితే తేడా ఉంటుంది.

ఒక్క టెలిస్కోపు లెక్క చూద్దాం. ఎక్కి, వంగి, చూసి, "అబ్బా" అని, దిగడానికి మనిషికి 35–40 సెకన్లు. వంద మందికి గంట, గంటా ఏడు నిమిషాలు. అంతసేపు ఎవరూ నిలబడరు. అయినా సగం మంది టీ తాగి వెళ్లిపోతారు కాబట్టి అరగంట, నలభై నిమిషాల్లో తేలుతుంది. వరసలో ఉన్నవాళ్లకు 10×50 బైనాక్యులర్ ఒకటి ట్రైపాడ్ మీద పెట్టి ఇస్తే విసుగు తగ్గుతుంది. గుంతలు అందులోనూ కనిపిస్తాయి.

వరస అంతా 25 మి.మీ. ఐపీసుతోనే చూపించండి. 48 రెట్లు, దృశ్యం దాదాపు ఒక డిగ్రీ, అరడిగ్రీ చంద్రుడు మొత్తం పట్టి చుట్టూ చోటు మిగులుతుంది. భూమి తిరగడం వల్ల నిమిషానికి పావు డిగ్రీ జరుగుతాడు. మధ్యలో పెడితే ఒక నిమిషానికి అంచు తాకుతాడు, రెండు నిమిషాలకు సగం బయటికి వెళ్తాడు. కాబట్టి ప్రతి ఇద్దరికీ ఒకసారి సరిచేస్తే చాలు. సరిచేసేటప్పుడు నడుమ కాకుండా కాస్త తూర్పు అంచుకు దగ్గరగా పెట్టండి, జరిగి నడుమకు వచ్చేలోపు ఇంకొకరు చూసేస్తారు. 10 మి.మీ. పెడితే దృశ్యం అరడిగ్రీ కూడా ఉండదు, ప్రతి మనిషికీ వెతుక్కోవాలి. వరస అయిపోయాక ఆసక్తి ఉన్న పది మందికి అది తీయండి.

పిల్లలు ఐపీసును గొట్టంలా పట్టుకుని లాగుతారు. "ముట్టుకోవద్దు" అనడం కన్నా పట్టుకోవడానికి ఇంకేదైనా ఇవ్వడం పనిచేస్తుంది: టెలిస్కోపు పక్కన వీపున్న కుర్చీ పెట్టి దాని వీపు పట్టుకోమనండి. ఎక్కడానికి ఒక మెట్టు ప్లాస్టిక్ స్టూలు. కళ్లద్దాలవాళ్లను తీసేయమనకండి. తీసేస్తే వాళ్లు ఫోకస్ మారుస్తారు, తర్వాతి పది మందికి మసకే. 25 మి.మీ. ఐపీసుకు కళ్లద్దాలతోనే చూడవచ్చు.

వెలుతురుండగానే దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను చూసి ఫైండర్‌ను (గురి చూసే చిన్న దుర్భిణిని) సరిచేసుకోండి, కానీ సూర్యుడు పూర్తిగా దిగాకే. సూర్యుడి వైపు ఆ గొట్టం పొరపాటున తిరిగినా కన్ను పోతుంది. టెలిస్కోపు బయటపెట్టి అరగంట అయ్యాకే చూపించండి, అద్దం బయటి గాలి వేడికి సర్దుకోవాలి. ఏసీ హాల్లోంచి తెస్తే ఇంకాస్త ఆగాలి.

మార్చితో ఆపేయకండి, మే 9 కూడా ఉంది. హైదరాబాద్‌లో ఆ మధ్యాహ్నం సుమారు 12:12కు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు కర్రకు నీడ ఉండదు. మళ్లీ ఆగస్టు 3న 12:22 ప్రాంతంలో. విజయవాడలో మే 6న 12:04కు, విశాఖలో మే 10–11న పన్నెండు కొట్టకముందే, 11:54 దగ్గర. ఆ రోజే చేయాలన్న పట్టు కూడా అక్కర్లేదు: సూర్యుడు రోజుకు పావు డిగ్రీ పైచిలుకే జరుగుతాడు, మీటరు కర్రకు ఒక రోజు తేడాలో వచ్చే నీడ 5 మి.మీ. లోపే. టైము మాత్రం తప్పకూడదు, నాలుగు నిమిషాలు ఆలస్యమైతే అదే కర్రకు 17 మి.మీ. నీడ. కర్రను కంటితో నిలబెట్టకండి, తాపీమేస్త్రీ వాడే తూకపు గుండు దారం కట్టి రెండు వైపుల నుంచి చూడండి. ఒక డిగ్రీ ఒరిగినా నీడ వస్తుంది, జనం లెక్క తప్పనుకుంటారు.

---

ప్రతి_హక్కు:

కాపీరైటు సంగతి నేను చెప్తాను. మన 1957 కాపీరైటు చట్టంలో రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 60 ఏళ్ల లెక్క రచయిత చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి మొదలవుతుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనలు ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. శ్రీశ్రీ పోయింది 1983లో, అంటే 2043 డిసెంబర్ 31 దాకా వారసులకో, వాళ్ల దగ్గర హక్కు కొన్నవాళ్లకో ఉంటుంది. "మహాకవి కదా, జాతి సొత్తు" అనే వాదన చట్టం ముందు నిలవదు.

సభలో చదవడం వేరు, వీడియో పెట్టడం వేరు. ప్రచురితమైన రచనలోంచి సమంజసమైనంత భాగం జనం ముందు చదవడాన్ని 52వ సెక్షన్ మినహాయించింది. నాలుగు పాదాలు చదివి దాని మీద మాట్లాడితే ఏ చిక్కూ లేదు. మొత్తం ఖండకావ్యం చదివి, దాన్ని యూట్యూబులో శాశ్వతంగా ఉంచితే ఆ మినహాయింపు కిందికి రాదు. అలాంటి వాటికి ముందే అనుమతి తీసుకోండి. పుస్తకం వేసినవాళ్లకు హక్కు ఉందో లేదో వాళ్లకే తెలియకపోవచ్చు, కాబట్టి కుటుంబాన్నే అడగడం మేలు.

మీ దగ్గరికి వచ్చి చదివే కవి, మాట్లాడే శాస్త్రవేత్త సంగతి ఇంకా సులువు. ఒక పేజీ కాగితం చాలు: ఏ తేదీ కార్యక్రమం, ఏ రచనలు, ఎక్కడ పెడతారు, ముక్కలు కత్తిరించి పెట్టవచ్చా, అడిగితే తీసేస్తారా. కిందో సంతకం. కార్యక్రమం రోజు హడావిడిలో కాకుండా ఆహ్వానంతో పాటే పంపండి. కవి తన పుస్తకాన్ని ప్రచురణకర్తకు పూర్తిగా రాసిచ్చి ఉంటే ఆయన సంతకం ఒక్కటీ సరిపోదు, ఆ ముక్క కూడా అడగండి.

ఇంకొకటి, జనం వచ్చేదాకా ఊరికే ఉండటమెందుకని స్పీకర్లో సినిమా పాటలు పెడతారు. రికార్డయిన పాటకు బహిరంగ ప్రదర్శన లైసెన్సు కావాలి. మీ వీడియోలో అది వెనక వినబడితే యూట్యూబు దానంతట అదే పట్టేసి ప్రసంగం మొత్తానికి క్లెయిమ్ వేస్తుంది. పాటలకు బదులు తెర మీద ఆ రాత్రి చంద్రుడి పటం పెట్టండి, ఏ బిలం ఎక్కడుందో పేర్లతో. నాసా చిత్రాలను సంస్థ పేరు కింద వేసి వాడుకోవచ్చు, తెలుగు పేర్లు మీరే పైన రాసుకోండి. టెలిస్కోపు దగ్గరికి వచ్చేసరికి ఎటు చూడాలో జనానికి తెలిసిపోయి ఉంటుంది, వరస కూడా త్వరగా కదులుతుంది.